చెరకు రసంలో జిగురు నేసే ఎంజైము: డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్‌ను కాలేజీ ప్రయోగశాలలో పట్టి చూపే పద్ధతి

తణుకు చుట్టుపక్కల గానుగల దగ్గర చెరకు రసం పారే తొట్టిని రెండు రోజులు కడగకుండా వదిలితే, దాని అంచుల వెంట తెల్లటి, జారుడు బంక పేరుకుంటుంది. వేలితో తాకితే తీగలా సాగుతుంది. గానుగ వాళ్లు దీన్ని రసం చెడిపోవడం కింద లెక్కవేసి పారబోస్తారు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివే డిగ్రీ విద్యార్థికి మాత్రం ఒక ఎంజైము తయారు చేసే సరుకును కళ్లతో చూడటానికి ఇంతకన్నా చవకైన అవకాశం దొరకదు. ఆ ఎంజైము పేరు డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్. దాన్ని తొట్టి నుంచి పరీక్షనాళికలోకి తెచ్చి, అది చేసే పనిని కొలిచే పద్ధతిని, డెల్టా కాలేజీల్లో సాధారణంగా ఉండే సామగ్రితో సాధ్యమయ్యే మేరకు, ఇక్కడ వివరిస్తున్నాను.

చేతులు కదిపే ముందు రసాయన చర్యను ఒకసారి మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే తరువాత పోలిక కోసం వేసే ప్రతి కంట్రోల్ నాళికా దాని మీదే ఆధారపడి ఉంటుంది. సుక్రోజు, అంటే మన పంచదార, ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు కలిసిన జంట. డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్ ఆ జంటను విడదీసి, గ్లూకోజును కాసేపు తనకే అంటించుకుని, ఫ్రక్టోజును బయటికి వదిలి, పట్టుకున్న గ్లూకోజును పెరుగుతున్న గొలుసుకు తగిలిస్తుంది. మన కణాల్లో గ్లైకోజెన్ తయారు కావడానికి యూడీపీ-గ్లూకోజు వంటి ఖరీదైన సరుకు కావాలి. ఇక్కడ అది అక్కర్లేదు, సుక్రోజు బంధంలో దాగిన శక్తే గొలుసు కట్టడానికి సరిపోతుంది. అలా ఏర్పడే గొలుసు డెక్స్‌ట్రాన్. ఈ ఎంజైమును తయారు చేసే ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడెస్ అనే బాక్టీరియాలో, ముఖ్యంగా పరిశ్రమల్లో పేరుపడ్డ బి-512ఎఫ్ రకంలో, దాని బంధాల్లో సుమారు 95 శాతం ఆల్ఫా 1,6 రకానివి, మిగతావి కొమ్మలు వేసే ఆల్ఫా 1,3 రకానివి. లెక్క కూడా చిన్నదే: 342 గ్రాముల సుక్రోజు నుంచి 180 గ్రాముల ఫ్రక్టోజు, గొలుసులో చేరిన 162 గ్రాముల గ్లూకోజు భాగం వస్తాయి. అంటే 10 గ్రాముల పంచదారలో ప్రతి అణువూ ఖర్చయినా 4.7 గ్రాములకు మించి డెక్స్‌ట్రాన్ రాదు. ఎవరైనా 6 గ్రాములు వచ్చిందని రికార్డులో రాస్తే, అందులో నీరో మరో మలినమో ఉందని అర్థం.

ఈ జిగురు సూక్ష్మజీవుల పనే అని పాశ్చర్ 1861లో చూపించాడు, 1874లో షైబ్లర్ దానికి డెక్స్‌ట్రాన్ అని పేరు పెట్టాడు, 1878లో వాన్ టీగెమ్ ఆ బాక్టీరియాకు ల్యూకోనోస్టాక్ అని పేరు పెట్టాడు. మన ప్రయోగానికి అన్నిటికన్నా దగ్గరి చరిత్ర 1941 నాటిది: కణాలను వడకట్టి తీసేసిన ద్రవం కూడా సుక్రోజు నుంచి డెక్స్‌ట్రాన్ తయారు చేస్తుందని ఆ ఏడాది హీర్ చూపించాడు. మనం చేయబోయేది దాదాపు అదే.

ప్రయోగానికి డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. గానుగలు ఆడుతూ ఉంటాయి కనుక చెరకు దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యమైన కారణం వాతావరణం. ఈ బాక్టీరియా 23 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎంజైమును బాగా తయారు చేస్తుంది, తయారైన ఎంజైము 30 డిగ్రీల దగ్గర చురుకుగా పనిచేస్తుంది, 40 దాటితే త్వరగా చచ్చిపోతుంది. ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్షల ముందు హడావుడిగా మొదలుపెడితే, చల్లబరిచే ఇంక్యుబేటర్ లేని కాలేజీలో ఏమీ రాదు. తప్పనిసరిగా ఎండాకాలంలోనే చేయవలసి వస్తే, ఫ్లాస్కులను నీళ్లు పోసిన వెడల్పాటి మట్టి తొట్టిలో పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పి, గది మూలలో ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. కోనసీమ తేమ గాలిలో ఈ ఉపాయం కొంత మందకొడిగా పనిచేస్తుంది కానీ, నాలుగైదు డిగ్రీలు దిగినా చాలు.

రసం తెచ్చుకోవడంలో ఒక జాగ్రత్త ఉంది. బెల్లం వండే పెనం దగ్గర తీసుకున్న రసంలో మడ్డి తీయడానికి సున్నం కలిపి ఉండవచ్చు. సున్నం పడితే పీహెచ్ పెరిగి ఈ బాక్టీరియా వెనకబడుతుంది, ఎంజైము కూడా నిలవదు. అందుకని గానుగ నుంచి నేరుగా కారే రసమే అడగండి, వీలైతే తొట్టి అంచున ఉన్న బంకను కూడా శుభ్రమైన చెంచాతో గీకి చిన్న సీసాలో తీసుకోండి. మొదటిసారి నేనిలా అడిగినప్పుడు గానుగ ఆయన నవ్వి, "ఆయ్, తాజా రసం ఉండగా పాచిపోయింది మీకెందుకండీ మాస్టారూ?" అన్నాడు. వివరిస్తే, తొట్టి కడిగే పని ఆ రోజుకు ఆపి మరీ ఇచ్చాడు.

ఆ రసాన్ని మూత వదులుగా పెట్టి ఒక రోజు గదిలో ఉంచి, ఒక లూపెడు తీసి రెండు రకాల అగార్ పళ్లాల మీద గీతలు గీయాలి. రెండింటిలోనూ ఈస్టు సారం, పెప్టోన్, లవణాలు ఒకేలా ఉండాలి; ఒకదానిలో 10 శాతం సుక్రోజు, రెండో దానిలో 10 శాతం గ్లూకోజు వేయాలి. రెండు రోజుల తరువాత సుక్రోజు పళ్లెం మీద నీటి బొట్లలా మెరిసే, ఉబ్బెత్తు జిగురు కాలనీలు కనిపిస్తాయి. అదే బాక్టీరియా గ్లూకోజు పళ్లెం మీద చిన్న చిన్న పొడి చుక్కలుగా మిగులుతుంది. గ్లూకోజు గొలుసు కట్టే ఎంజైముకు గ్లూకోజునే ఇస్తే ఎందుకు కట్టలేదు అని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే రెండో పళ్లెం పెట్టాలి: శక్తి గ్లూకోజులో లేదు, సుక్రోజు బంధంలో ఉంది. నా దృష్టిలో ఈ ప్రయోగం మొత్తంలో పాఠం చెప్పే దృశ్యం ఈ రెండు పళ్లాలే. స్పెక్ట్రోఫోటోమీటర్ చెడిపోయిన కాలేజీ ఇక్కడితో ఆపినా నష్టం లేదు.

అయితే జిగురు కనిపించినంత మాత్రాన అది ల్యూకోనోస్టాక్ అనుకోకూడదు. మట్టి నుంచి వచ్చే బాసిల్లస్ జాతులు కూడా సుక్రోజు మీద జిగురు చేస్తాయి, కానీ వాటి ఎంజైము లెవాన్‌సుక్రేజ్, అది ఫ్రక్టోజును గొలుసుగా కట్టి గ్లూకోజును వదిలేస్తుంది. మూడు చిన్న పరీక్షలు ఈ గందరగోళాన్ని తీరుస్తాయి. కాలనీ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బాసిల్లస్ బుడగలు కక్కుతుంది, ల్యూకోనోస్టాక్ కక్కదు. గ్రామ్ రంగు వేస్తే ల్యూకోనోస్టాక్ ఊదారంగు గుండ్రటి కణాలుగా, జతలుగా, పొట్టి గొలుసులుగా కనిపిస్తుంది; బాసిల్లస్ కడ్డీలుగా ఉంటుంది. ఇక జిగురును ఆల్కహాలుతో రెండుసార్లు కడిగి సెలివనాఫ్ ద్రావణంతో వేడి చేస్తే, ఫ్రక్టోజు గొలుసైన లెవాన్ ఎర్రబడుతుంది, డెక్స్‌ట్రాన్ ఎర్రబడదు. కడగడం మరిచిపోతే అంటుకుని ఉన్న సుక్రోజే ఎర్రబడి తప్పుదారి పట్టిస్తుంది. గానుగ నుంచి వచ్చిన బాక్టీరియాతో కాలయాపన వద్దనుకునేవారు సూక్ష్మజీవులను భద్రపరిచే సంస్థలైన చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి గాని, పుణేలోని ఎన్‌సీఐఎం నుంచి గాని గుర్తింపు ఉన్న కల్చర్ తెప్పించుకోవచ్చు; పరిశోధన వ్యాసం రాసేవారికి అదే సరైన దారి.

ఎంజైము పండించడానికి లీటరుకు సుక్రోజు 20 గ్రాములు, ఈస్టు సారం 20 గ్రాములు, డై పొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 20 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాములు, కాల్షియం క్లోరైడ్, మాంగనీస్ సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్, ఉప్పు ఒక్కొక్కటి 0.01 గ్రాము చొప్పున కలపాలి. సుక్రోజును విడిగా ఆటోక్లేవ్ చేసి చల్లారాక కలపండి. అన్నీ కలిపి ఉడికిస్తే ద్రావణం గోధుమరంగుకు తిరిగి, కొంత సుక్రోజు ముందే విరిగిపోతుంది. సుక్రోజు ఇక్కడ ఆహారం మాత్రమే కాదు, ఈ బాక్టీరియా ఎంజైమును తయారు చేయడానికి కావలసిన పిలుపు కూడా. గ్లూకోజు మీద పెంచితే కణాలు పెరుగుతాయి గాని బి-512ఎఫ్ వంటి రకాల నుంచి ఎంజైము రాదు. బెల్లం వేస్తే చవక కదా అని అనిపిస్తుంది, కానీ బెల్లంలో ముందే ఉన్న గ్లూకోజు, ఫ్రక్టోజు తరువాతి కొలతను పాడుచేస్తాయి. కొట్లో దొరికే తెల్ల పంచదార చాలు.

100 మిల్లీలీటర్ల ద్రావణంలో ముందురోజు పెంచిన కల్చర్ 5 మిల్లీలీటర్లు వేసి, షేకర్ మీద 25 డిగ్రీల దగ్గర రాత్రంతా వదలండి. మొదట 7 దగ్గర ఉన్న పీహెచ్, లాక్టిక్ ఆమ్లం చేరేకొద్దీ దిగుతూ వస్తుంది. అది 5 నుంచి 5.5 మధ్యకు రాగానే పెంపకం ఆపేయాలి, ఎందుకంటే ఎంజైము స్థిరంగా నిలిచేది ఆ పీహెచ్‌లోనే, అంతకన్నా పులిస్తే పాడవుతుంది. ఆ ద్రవాన్ని 4 డిగ్రీల దగ్గర నిమిషానికి 8,000 చుట్ల వేగంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, కణాలు అడుగున దిగాక పై తేటను జాగ్రత్తగా వంచుకోవాలి. ద్రవం మరీ చిక్కగా ఉంటే కణాలు దిగవు. అప్పుడు సమానంగా చల్లటి బఫర్ కలిపి మళ్లీ తిప్పండి. తేటను డయాలిసిస్ గొట్టంలో పోసి, ఫ్రిజ్‌లో, పీహెచ్ 5.2 ఉన్న 20 మిల్లీమోలార్ ఎసిటేట్ బఫర్‌లో రాత్రంతా ఉంచాలి; మిగిలిపోయిన చక్కెరలు బయటికి పోతాయి. బఫర్‌లో లీటరుకు 0.05 గ్రాము కాల్షియం క్లోరైడ్ తప్పనిసరిగా వేయాలి, కాల్షియం లేకపోతే ఈ ఎంజైము బలహీనపడుతుంది.

ఇక్కడే ఒక ఏడాది మా తరగతి మొత్తం తెల్లమొహం వేసింది. ఒక నాళికలో బతికిన ఎంజైము, ఇంకో నాళికలో పది నిమిషాలు మరిగించిన ఎంజైము పోసి, రెండింటిలోనూ సుక్రోజు వేసి, అరగంట తరువాత ఆల్కహాలు పోస్తే రెండూ తెల్లగా పాలలా మారాయి. చచ్చిన ఎంజైము పనిచేసిందా? ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి, "మాస్టారూ, సుక్రోజు వేయకుండా ఆల్కహాలు పోస్తే ఏమవుతుందండీ?" అని అడిగి, తనే ఒక నాళికలో పోసి చూసింది. అదీ తెల్లబడింది. సుక్రోజు మీద పెంచిన కల్చర్ తేటలో డెక్స్‌ట్రాన్ ముందే నిండి ఉంది, అది డయాలిసిస్ గొట్టం రంధ్రాల గుండా బయటికి పోదు. తప్పు నాది: సున్నా నిమిషం నాళిక, అంటే కలపగానే చర్యను ఆపేసిన నాళిక, పెట్టమని చెప్పలేదు. అప్పటి నుంచి ఎంజైమును బఫర్‌తో పది రెట్లు పలచన చేసి, ప్రతి కొలతకూ సున్నా నిమిషం నాళిక, మరిగించిన ఎంజైము నాళిక రెండూ పెట్టిస్తున్నాను. తేటలోని డెక్స్‌ట్రాన్‌ను పూర్తిగా తీసేయాలన్న పట్టుదల మాత్రం వద్దు, అది ఎంజైమును స్థిరంగా నిలుపుతుంది.

కొలత ఇలా చేయాలి. పలచన చేసిన ఎంజైము 5 మిల్లీలీటర్లు, అదే బఫర్‌లో కరిగించిన 10 శాతం సుక్రోజు 5 మిల్లీలీటర్లు విడివిడిగా 30 డిగ్రీల నీటి తొట్టిలో ఐదు నిమిషాలు ఉంచి, కలిపిన క్షణం నుంచి గడియారం చూడండి. వెంటనే ఒక మిల్లీలీటరు తీసి ఒక మిల్లీలీటరు డీఎన్ఎస్ (డైనైట్రోశాలిసిలిక్ ఆమ్లం) ద్రావణంలో వేయాలి; విడిపోయిన ఫ్రక్టోజు, గ్లూకోజు ఉంటే వేడి చేసినప్పుడు ఇది ఎర్రబడుతుంది. ఆ ద్రావణం గాఢమైన క్షారం కనుక ఎంజైము అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇలాగే 5, 10, 15, 20, 30 నిమిషాలకు తీయండి. అన్ని నాళికలనూ ఒకేసారి మరిగే నీటిలో పది నిమిషాలు పెట్టి, చల్లార్చి, 8 మిల్లీలీటర్ల నీరు చేర్చి 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. పసుపుపచ్చ నుంచి ఇటుకరంగు వరకు వరసగా నిలిచిన ఆరు నాళికలను చూస్తే, గ్రాఫు గీయకముందే విద్యార్థికి విషయం అర్థమవుతుంది. ప్రమాణ రేఖను గ్లూకోజుతో కాక ఫ్రక్టోజుతోనే, 0.2 నుంచి 1 మిల్లీగ్రాము వరకు గీయండి, ఎందుకంటే కొలుస్తున్నది దాన్నే.

లెక్కకు ఒక ఉదాహరణ. గ్రాఫు సూటిగా ఉన్న భాగంలో 10 నిమిషాలకు 0.9 మిల్లీగ్రాము ఫ్రక్టోజు పెరిగిందనుకుందాం. 180తో భాగిస్తే 5 మైక్రోమోళ్లు, నిమిషానికి 0.5. తీసిన ఒక మిల్లీలీటరులో ఎంజైము వంతు అర మిల్లీలీటరే కనుక, మిల్లీలీటరుకు ఒక యూనిట్ (నిమిషానికి ఒక మైక్రోమోలు ఫ్రక్టోజును విడిపించే ఎంజైము). పది రెట్లు పలచన చేశాం కనుక అసలు తేటలో 10 యూనిట్లు. పాత వ్యాసాల్లో డీఎస్‌యూ అనే కొలమానం కనిపిస్తుంది, అది గంటకు ఒక మిల్లీగ్రాము సుక్రోజును మార్చే ఎంజైము పరిమాణం. మన ఒక యూనిట్ దాదాపు 20.5 డీఎస్‌యూలకు సమానం. ఈ రెండింటినీ కలగలిపి, తమ ఎంజైము ఇరవై రెట్లు గొప్పదని పొంగిపోయిన ప్రాజెక్టు రిపోర్టులు నేను దిద్దాను.

ఫ్రక్టోజు పెరిగినంత మాత్రాన గొలుసు పెరిగినట్టు కాదు. గానుగ రసంలో ఈస్టు కూడా ఉంటుంది, దాని ఇన్వర్టేజ్ సుక్రోజును ఊరికే రెండు ముక్కలు చేసి వదిలేస్తుంది, అయినా డీఎన్ఎస్ ఎర్రబడుతుంది. తేడా పట్టడానికి మందుల షాపులో దొరికే, మూత్రంలో గ్లూకోజు చూసే పట్టీలు చాలు: వాటి మీద ఉండే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఫ్రక్టోజును పట్టించుకోదు. నాళికలో ఫ్రక్టోజు బాగా పెరిగి, పట్టీ మీద గ్లూకోజు రంగు దాదాపు రాకపోతే, ఆ గ్లూకోజంతా గొలుసులోకి పోయిందని అర్థం. రెండూ సమానంగా పెరిగితే మీ దగ్గరున్నది ఇన్వర్టేజ్.

గొలుసును చేత్తో పట్టుకోవాలంటే 10 గ్రాముల సుక్రోజును 100 మిల్లీలీటర్ల బఫర్‌లో కరిగించి, పలచన చేయని ఎంజైము 10 మిల్లీలీటర్లు కలిపి రాత్రంతా 30 డిగ్రీల దగ్గర ఉంచండి. తెల్లారేసరికి ద్రావణం గంజిలా చిక్కబడి, అక్కడక్కడ నీలిఛాయ మసకతో ఉంటుంది. దానికి సమానంగా ఇథనాల్‌ను, అది లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాలును, గాజుకడ్డీతో కలుపుతూ సన్నటి ధారగా పోయాలి. మొదట పొగలాంటి తెలుపు వస్తుంది, తరువాత కడ్డీ చుట్టూ దారాలు చుట్టుకుంటాయి, చివరికి కడ్డీని పైకెత్తితే జీళ్లపాకంలా తెల్లటి ముద్ద వేలాడుతుంది. ఒక్కసారిగా పోస్తే ముద్ద లోపల చక్కెర చిక్కుకుపోతుంది కనుక తొందరపడవద్దు. ఆ ముద్దను నీటిలో కరిగించి, మళ్లీ ఆల్కహాలుతో దింపి, మరోసారి అదే పని చేసి, ఆరబెట్టి తూచండి. పక్కనే ఎంజైము మాత్రమే పోసిన నాళికలో ఎంత వచ్చిందో తూచి తీసివేయడం మరువకండి. అయోడిన్ చుక్క వేస్తే నీలం రాకూడదు. వస్తే అది చెరకు నుంచి వచ్చిన పిండిపదార్థం.

సమయం మిగిలితే ఇంకొక నాళిక పెట్టమని నా సలహా. సుక్రోజుతో పాటు 5 శాతం మాల్టోజు కూడా వేస్తే ఫ్రక్టోజు మామూలుగానే వస్తుంది, ఆల్కహాలు పోసినప్పుడు మాత్రం తెలుపు బాగా తగ్గుతుంది. ఎంజైము గ్లూకోజులను పొడుగాటి గొలుసుకు బదులు మాల్టోజు చివర తగిలించి, పానోజు వంటి పొట్టి ముక్కలు చేస్తుంది. ఈ ఒక్క నాళిక చూశాక, ఎంజైము పేరులోని డెక్స్‌ట్రాన్ దాని అలవాటే తప్ప అది చేయగల ఒకే ఒక్క పని కాదని విద్యార్థికి బోధపడుతుంది. మరో నాళికలో కాల్షియంను పట్టేసుకునే ఈడీటీఏ కొద్దిగా వేసి కాసేపు ఉంచి కొలిస్తే, కాల్షియం ఎందుకు వేశామో కూడా తేలుతుంది.

ఈ ప్రయోగం చూసిన రైతుబిడ్డలు ఇంటికి వెళ్లి అడిగే ప్రశ్న ఒకటుంది: నరికిన చెరకును ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు మీద రెండు రోజులు ఉంచితే ఏమవుతుంది? నరికిన కొసల నుంచి బాక్టీరియా లోపలికి చేరి, ఈ ఎంజైముతో సుక్రోజును తినేస్తుంది. గడకు గాయాలెక్కువైతే, తుపానుకు పడిపోయిన తోట అయితే, ఇంకా త్వరగా. రసం చిక్కబడి వడపోత మందగిస్తుంది, స్ఫటికాలు నిదానంగా, సూదుల్లా పొడుగ్గా పెరుగుతాయి. అంతకన్నా చిక్కు ఇంకొకటి: డెక్స్‌ట్రాన్ కాంతిని సుక్రోజు కన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువగా కుడివైపు తిప్పుతుంది, అందువల్ల కాంతి తిరిగిన కోణాన్ని బట్టి చక్కెరను లెక్కగట్టే పోలారిమీటరులో లేని చక్కెర ఉన్నట్టు కనిపిస్తుంది. నరికిన 24 గంటల్లో గానుగాడించమనడం అందుకే. తాటినీరా దింపేవారు కుండ లోపల సున్నం పూయడంలో ఉన్న తెలివీ ఇదే కోవకు చెందుతుంది, ఆ నీరాలో కూడా ల్యూకోనోస్టాక్ ఉంటుంది, సున్నం లేని కుండలో కల్లు తెల్లగా, జిగటగా మారడంలో దానికి వాటా ఉంది.

పని ముగిశాక కల్చర్లనన్నిటినీ ఆటోక్లేవ్ చేశాకే పారబోయండి. ఇడ్లీ పిండిని పులియబెట్టే బాక్టీరియాయే కదా అని ఎవరూ నాళికలోది రుచి చూడకూడదు. మంచి కాలనీని గ్లిజరాల్‌లో కలిపి డీప్ ఫ్రీజర్‌లో దాచుకుంటే వచ్చే సంక్రాంతికి మళ్లీ గానుగకు వెళ్లనక్కర్లేదు, పైకి తీసినప్పుడు మాత్రం సుక్రోజు పళ్లెం మీద ఒకసారి పెంచి జిగురు చేసే కాలనీనే ఎంచుకోండి. గాజుసామానును అదే రోజు వేడినీళ్లలో నానబెట్టాలి. డెక్స్‌ట్రాన్ ఒకసారి ఎండి గట్టిపడితే పిపెట్ల మొనలు మూసుకుపోతాయి, వాటిని విడిపించడానికి అటెండరు పడే అవస్థ అంతా ఇంతా కాదు.